ఖాళీ మేకు

రాబర్ట్‌సన్‌పేటలో నేనిప్పుడు ఉంటున్న ఇంట్లో, తలుపు పక్కన, నా భుజం ఎత్తున గోడలో ఒక మేకు ఉంది. దానికి ఏమీ తగిలించి ఉండదు. కిందటేడు సున్నం కొట్టడానికి వచ్చినతను దాన్ని పీకబోతే గట్టిగా అరిచేశాను. పాపం, అతని చేతిలో బ్రష్షు జారి బకెట్లో పడింది. ఆ మేకుకూ నాకూ ఏం సంబంధమో అతనికి చెప్పలేదు. చెప్పుకునే సంబంధం కాదది. ఈ ఇంట్లో పద్దెనిమిదేళ్ళు అద్దెకున్న ఒక ముసలామెను కోర్టు ద్వారా, పద్ధతి ప్రకారం, ఒక్క కాగితం కూడా తప్పు పోకుండా ఖాళీ చేయించినదాన్ని నేను.

మాది గౌనిపల్లి. మా నాయన మామిడితోటలు చూసుకుంటూ, ఎప్పటికైనా పిల్లలకు పట్నంలో ఒక గూడు ఉండాలని పేటలో ఈ ఇల్లు కొన్నాడు. రెండు గదులు, వెనక వంటిల్లు, చిన్న పెరడు. ఆయన పోయాక ఇల్లు నాకూ మా తమ్ముడికీ వచ్చింది. తమ్ముడు బెంగుళూరులో ఉంటాడు. నేను కోలారులో సర్కారీ బడి టీచరును. పిల్లలు నా చెప్పుల చప్పుడు వినగానే పుస్తకాలు తెరుస్తారు. అంత నోరున్నదాన్ని. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

ఆ ముసలామె భర్త చిత్తూరు వైపు పల్లె నుంచి ఇక్కడి బంగారు గనిలో పనికి వచ్చినవాడు. ముప్ఫై ఏళ్ళు భూమి లోపల పనిచేశాడు. గని మూతపడ్డాక కంపెనీ ఇచ్చిన లైను ఇల్లు వదిలి మా ఇంట్లో అద్దెకు దిగారు. పిల్లల్లేరు. రెండేళ్ళు తిరక్కుండానే ఆయన ఊపిరితిత్తులు చెడి, ముందరి గదిలో గోడకు ఆనుకుని కూర్చునే పోయాడు. ఆమె ఒక్కతే మిగిలింది. పొద్దున ఇడ్లీలు పోసి వీధిలోవాళ్ళకు అమ్ముకుంటూ బతికింది.

ఆమెను అందరూ నంబరమ్మ అనేవారు. గనిపని ఇళ్ళల్లో అది వింతేమీ కాదు. కంపెనీ ఆసుపత్రిలో, రేషను అంగట్లో, ఏ కిటికీ దగ్గరైనా మొగుడి నంబరు పిలిస్తేనే ఆడవాళ్ళు లేచి వెళ్ళేవారు. బిడ్డకు జ్వరమొచ్చినా నంబరే, పెద్దాయనకు చీటీ రాయించాలన్నా నంబరే. ముప్ఫై ఏళ్ళు అట్లా పిలిపించుకున్నాక ఆమె పేరు ఆమెకే అక్కర్లేకుండా పోయింది. మా నాయన రాయించిన అద్దె పత్రం చూసేదాకా ఆమెకొక పేరుందని నాకూ తెలీదు.

తలుపు పక్కన ఆ మేకుకు ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతుండేది. మీద నంబరు కొట్టి ఉండేది. ఒకసారి అద్దె కోసం వెళ్ళినప్పుడు అదేమిటని అడిగాను.

"షాఫ్టు కాడ పెద్ద పలక ఉండేదమ్మా, దాని నిండా మేకులే" అంది. "లోపలికి దిగే మనిషి తన బిళ్ల తీసుకోని పోవాల. పైకొచ్చినాక మళ్ళా తగిలించాల. షిఫ్టు అయినాక టైమాఫీసాయన ఆ పలక చూసేవాడు. మేకు ఖాళీగా ఉండాదంటే మనిషి ఇంగా లోపలే ఉండాడని. గని మూసేసిన పొద్దు ఈయన పైకొచ్చి చూస్తే పలకే లేదు, పీకేసినారు. యాడ తగిలించేది? ఇంటికి తెచ్చి ఈడ మేకు కొట్టినాడు."

గాలికి ఆ బిళ్ల ఊగి ఊగి, గోడ మీద సగం చందమామలాగా ఒక గీత పడింది. ఆమె ఎక్కడికన్నా వెళ్తే బిళ్ల పిడికిట్లో పెట్టుకుని వెళ్ళేది. వచ్చాక, చెప్పులు విడవక ముందే తగిలించేది.

ఇల్లు అమ్మేద్దామని తమ్ముడు మొదలుపెట్టాడు. కొనేవాళ్ళు ఉన్నారు, కానీ ఇల్లు ఖాళీగా ఉండాలన్నారు. ఆమెను అడిగితే, "యాడికి పోతానమ్మా" అని నవ్వేసింది, నేనేదో సరదాకి అన్నట్టు. తమ్ముడు రోజూ ఫోను చేసి నా ప్రాణం తీశాడు. చివరికి నేనే లాయరు దగ్గరికి వెళ్ళాను.

"అద్దె ఎగ్గొట్టిందా?" అని అడిగాడాయన.

"లేదు."

"ఇల్లు పాడు చేసిందా?"

"మాకంటే బాగా పెట్టుకుంది."

"ఇంకెవురికైనా లోపల చోటిచ్చిందా?"

"లేదు."

లాయరు కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంగేం చెప్పి ఖాళీ చేపించేది టీచరమ్మా? అమ్ముకోవాలంటే నిలబడదు. సొంత వాడకానికి కావాలని రాద్దాం. రిటైరైనాక నేను ఆ ఇంట్లోనే ఉంటానని నువ్వు ప్రమాణం చెయ్యి. ఇల్లు చేతికి వచ్చినాక కొన్నాళ్ళు తాళం వేసి పెట్టండి, తర్వాత మీ ఇష్టం."

పిల్లలు అబద్ధం చెబితే చెవి మెలిపెట్టేదాన్ని నేను. ఆ కాగితం కింద మాత్రం గుండ్రంగా సంతకం పెట్టాను.

ముందు లాయరు నోటీసు వెళ్ళింది. గడువు దాటింది. కోర్టులో కేసు పడింది. సమన్లు వెళ్ళాయి. ఆమె వేలిముద్ర వేసి తీసుకుంది. పక్కింటి పిల్ల చదివి, ఫలానా రోజు పదకొండు గంటలకు కోర్టుకు పోవాలని, పిలిచినప్పుడు లోపలికి వెళ్ళాలని చెప్పిందట.

ఆ రోజు నేను బడికి సెలవు పెట్టి పది గంటలకే వెళ్ళాను. వరండాలో బల్ల మీద ఆమె అప్పటికే కూర్చుని ఉంది. ఉతికిన ఆకుపచ్చ చీర, నూనె రాసి బిగించిన ముడి, ఒళ్ళో చిత్రాన్నం డబ్బా, మూసిన కుడి పిడికిలి. నన్ను చూసి పక్కకు జరిగింది.

"రామ్మా, కూర్చో. పొద్దున్నే బస్సు దొరికిందా?"

కేసు వేసింది నేనేనని ఆమెకు తెలుసు. అయినా చోటిచ్చింది. నాకు ఒళ్ళు మండింది. ఆమె కోపంగా ఉంటే నాకు సులువుగా ఉండేది.

"మీ తమ్ముడు పట్టుబట్టినాడని నాకు తెలుసులేమ్మా" అంది మెల్లగా. "పెద్దోళ్ళు అడిగితే ఒకటే చెప్తాను. ఆయన ఈ ఇంట్లోనే పోయినాడు. నేనూ ఈడనే పోతాను. అంతవరకు ఉండనియ్యండి, ఇంగేమొద్దు అంటాను. అట్ల చెప్తే వింటారు కదా?"

"వింటారు" అన్నాను. నిజంగా వింటారేమోనని నాకు భయం వేసింది. వినకపోవడానికి ఏముంది అందులో?

పన్నెండు దాటాక కోర్టు జవాను గుమ్మంలోకి వచ్చి పిలిచాడు. నా పేరు, తర్వాత ఆమె పేరు. అద్దె పత్రంలో ఉన్న పేరు, పూర్తిగా, ఫలానావారి భార్య అని. మూడుసార్లు పిలిచాడు. వరండా ఆ చివర ఉన్నవాళ్ళకు కూడా వినబడేంత గట్టిగా పిలిచాడు. ఆమె ఆ జవాను ముఖంలోకే చూస్తోంది. తనకంటే ముందున్నవాళ్ళ వంతు తొందరగా అయిపోతే బాగుండునని చూస్తున్నట్టు చూస్తోంది. తన నంబరు కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్న మనిషికి ఆ పేరు ఎవరిదో అయింది.

నాకు అప్పుడే అర్థమైంది. అర్థం కాలేదని ఎవరి దగ్గరా బుకాయించలేను. బళ్ళో హాజరు పిలిచేటప్పుడు ఏ పిల్లయినా పరధ్యానంలో పలక్కపోతే, తలెత్తి చూసి, మనిషి కనబడితే నేనే హాజరు వేస్తాను. పాతికేళ్ళుగా ప్రతి పొద్దూ చేసే పని అది. ఆ రోజు ఆమె నాకు మూడు అడుగుల దూరంలో ఉంది. నేను ఆమె మోకాలు తట్టి, "నిన్నే పిలుస్తున్నారు, లే" అంటే చాలు. నేను లేచి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఒక్కదాన్నే లోపలికి వెళ్ళాను.

ఎదుటిమనిషి రాలేదని ఎక్స్‌పార్టీ అన్నారు. అంటే ఆమె లేకుండానే కేసు నడుస్తుంది. లాయరు బయటికొచ్చి సంబరంగా, "పని సులువైపోయింది" అన్నాడు. ఆయనకు ఆమె ముఖం తెలీదు. ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళాడు. ఆమె నన్ను పిలిచి, "అయిందామ్మా నీ పని? నాది ఇంగా పిలవలేదు" అని డబ్బా మూతలో చిత్రాన్నం పెట్టిచ్చింది. తిన్నాను. ఏం చెయ్యను, వద్దంటే ఎందుకని అడుగుతుందని తిన్నాను.

తర్వాతి వాయిదాలో నేను బోనెక్కి, ఈ ఇంట్లో కాపురముండాలని నాకు ఎంత అవసరమో చెప్పాను. ఇల్లు ఖాళీ చెయ్యాలని తీర్పు వచ్చింది. ఆ రోజే లాయరు ఒక మాట హెచ్చరించాడు. "ఒక నెల ఉండాది. ఆ లోపల ఆమె వచ్చి, నేను రాలేకపోయినాను, ఇదీ కారణం అని అర్జీ పెట్టుకుంటే కేసు మళ్ళా మొదటికొస్తాది. నువ్వేం మాట్లాడొద్దు, అంతే."

ఆ నెల నన్ను తినేసింది. హాజరు పుస్తకం తెరిస్తే చాలు, వరండాలో బల్ల కనబడేది. నెల ఇక నాలుగు రోజుల్లో ముగుస్తుందనగా ఉండబట్టలేక ఒక ఆదివారం పేటకు వెళ్ళాను, చెప్పేద్దామనే వెళ్ళాను. ఆమె నన్ను చూసి పొయ్యి ముందు నుంచి లేచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వే తీసేసినావు కదమ్మా కేసు? నాకు తెలుసు. ఆ పొద్దు సాయంత్రం దాకా కూర్చున్నాను. మర్నాడూ పోయినాను, దాని మర్నాడూ పోయినాను. ఆ జవానును అడిగినాను, నా నంబరు ఎప్పుడు పిలుస్తారప్పా అని. ఏ నంబరు అన్నాడు. చెప్పినాను. పుస్తకం తిరగేసి, అట్లాంటి నంబరు కేసే లేదు, గమ్మున ఇంటికి పోమ్మా అన్నాడు. కేసు లేదంటే నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది."

ఆమె చేతులు వేడిగా, పిండి అంటుకుని ఉన్నాయి. నేను నోరు తెరిచాను. తమ్ముడు గుర్తొచ్చాడు, కొనేవాళ్ళు గుర్తొచ్చారు, బోనులో నేను చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. ఇప్పుడు నిజం చెబితే అవన్నీ చెప్పాలి. "ఊరికే చూసి పోదామని వచ్చాను" అన్నాను. ఇడ్లీలు పెట్టింది. ఆ నాలుగు రోజులూ గడిచిపోయాయి.

ఇల్లు స్వాధీనం చేయించమని మళ్ళీ అర్జీ, దాని మీద ఉత్తర్వు. ఒక పొద్దున కోర్టు అమీను కాగితాలు పట్టుకుని, ఒక పోలీసునూ తాళాలవాడినీ వెంటబెట్టుకుని వచ్చాడు. సొంతదారు పక్కన ఉండాలంటే నేనూ వెళ్ళాను. ఆమె ఇడ్లీ పాత్ర దించి బయటికి వచ్చింది. అమీను చదివి చెప్పాడు. ఆమె గొడవ పెట్టలేదు. ఆశ్చర్యపడింది, అంతే.

"కేసు లేదన్నారే? నన్ను పిలవనే లేదప్పా" అంది అమీనుతో. "నేను మూడు దినాలు ఆడనే కూర్చోని ఉంటిని. ఈ టీచరమ్మ మొదటి పొద్దు నా పక్కనే ఉండె. అడుగు కావాలంటే. ఈమె అబద్ధం చెప్పదు."

అమీను నా వైపు తిరిగాడు. మంచివాడే. ఆయన కలం ఎత్తి పట్టుకున్నాడు. "ఏమ్మా, పిలిచినారా ఈమెను?"

వీధిలో నలుగురు నిలబడ్డారు. ఆమె నా ముఖంలోకి చూస్తోంది, కోర్టు జవాను ముఖంలోకి చూసినట్టే.

"పిలిచారు" అన్నాను. "మూడుసార్లు పిలిచారు."

నేనన్నది నిజం. ఈ కేసులో మొదటినుంచీ నేను చెప్పిన నిజం అదొక్కటే. ఆమె చెవి తడుముకుంది. "అట్లయితే నాకే వినబడలేదేమో" అంది. "టీచరమ్మ చెప్తే నిజమే అయ్యుంటాది. చెవులు కూడా పోయినట్టుండాది నాకు."

సామాను పెద్దగా లేదు. పెట్టె, పరుపు, గిన్నెలు, ఇడ్లీ పాత్ర. అమీను ఒక్కొక్కటీ రాసుకున్నాడు. రాయల్పాడులో ఉన్న చెల్లెలి ఇంటికి పోతానంది. చివర్లో మళ్ళీ లోపలికి వెళ్ళి, బిళ్ల తీసుకుని పిడికిట్లో పెట్టుకుంది. తాళాలవాడు తలుపుకు కొత్త తాళం వేశాడు. ఇంట్లో మనుషులు లేరని, ఇల్లు ఖాళీగా నాకు అప్పజెప్పారని అమీను రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. పెడుతుంటే ఖాళీ మేకు కళ్ళ ముందుకొచ్చింది.

ఇల్లు అమ్మలేదు. ముందు నెలలు అమ్మకూడదని ఆగాం. తర్వాత నాకు చేతులు రాలేదు. ఈ మధ్యలో రిటైరయ్యాను. ఆ ఇంట్లో ఉంటానని ప్రమాణం చేశాను కాబట్టి ఉండి తీరతానని తమ్ముడితో అన్నాను. నీకు పిచ్చి పట్టిందక్కా అన్నాడు. కావచ్చు. నా సంతకం లేకుండా అమ్మడానికి లేదు, నేను పెట్టను. అప్పటినుంచి మాట్లాడ్డం మానేశాడు.

ఈ ఇంటికి వచ్చిన మొదటి నెలలోనే రాయల్పాడు వెళ్ళాను, ఆమెను వెనక్కి తీసుకురావాలని. మామిడి పూత కాలం. ఆ చెల్లెలి ఇల్లంతా పట్టుపురుగులే, అవి గూడు కట్టుకునే వెదురు చంద్రికల నిండా పచ్చని గూళ్ళు. ఆమె గడప దగ్గర కూర్చుని వాటిని ఏరుతోంది. చిక్కిపోయింది. బిళ్ల చీర కొంగున ముడి వేసుకుంది. నేను నిలబడే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని.

"నీ చెవులకేం కాలేదు. ఆ రోజు వాళ్ళు నంబరు పిలవలేదు. నీ పేరు పిలిచారు. నీకు తెలీలేదని నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నాను."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును. ఆమె చేతిలో గూడు అట్లాగే పట్టుకుని నన్ను చూసింది.

"పేరు పెట్టి పిలిచినారా? నన్నా?" అంది. "ఎట్ల పిలిచినారు? నువ్వొకతూరి పిలువమ్మా."

పిలిచాను. జవాను పిలిచినట్టు కాకుండా, బళ్ళో పిల్లను పిలిచినట్టు పిలిచాను. ఆమె కళ్ళు మూసుకుని వింది.

"మా అమ్మ పోయినాక ఆ పేరు ఎవురూ పిలవలేదు" అంది. చేతిలో గూడు కింద పెట్టి అంది, "ఆ పొద్దు నువ్వు ఇట్ల ఒకతూరి పిలిచింటే పలికేదాన్ని కదమ్మా."

ఇంటికి రమ్మన్నాను. కాళ్ళు పట్టుకోబోయాను. వెనక్కి జరిగింది. "కోర్టు పొమ్మన్నాక ఎట్ల వచ్చేది? ఇంగ వద్దులే" అని మళ్ళీ గూళ్ళు ఏరడంలో పడింది. బస్సుకు బయల్దేరుతుంటే మాత్రం వెనకనుంచి అంది, "ఆ మేకు పీకద్దమ్మా. ఆయన కొట్టింది."

అందుకే పీకనివ్వలేదు. సున్నం రెండు పూతలు కొట్టించినా ఆ సగం చందమామ గీత మళ్ళీ పైకి తేలింది. బయటికి వెళ్ళి వచ్చినప్పుడల్లా, చెప్పులు విడవక ముందు, నా చెయ్యి ఆ మేకు మీదికి పోతుంది. తగిలించడానికి నా దగ్గర ఏమీ లేదు.

పాలామె ఏళ్ళనాటి అలవాటు కొద్దీ పొద్దున్నే తలుపు ముందు నిలబడి "నంబరమ్మా, పాలు" అని కేకేస్తుంది. మొదట్లో కసురుకున్నాను. ఆమె నాలుక కరుచుకునేది, మర్నాడు మళ్ళీ అట్లాగే పిలిచేది. ఇప్పుడు కసరడం లేదు. గిన్నె తీసుకుని లేస్తాను. లోపలినుంచే, మూడోసారి పిలవక ముందే, "ఉండాను" అని పలుకుతాను.